తూకానికి అందని రోగం

మలేషియా బడుల్లో నాలుగో తరగతి నుంచి పిల్లలందరూ ఏడాదికి రెండుసార్లు సెగాక్ అనే పరీక్షకి నిలబడాలి. 2008లో మొదలైన ఈ జాతీయ దేహదారుఢ్య పరీక్షలో బల్ల ఎక్కి దిగడం, దండీలు తీయడం, వెల్లకిలా పడుకుని సగం దాకా లేవడం, కాళ్లు బారజాపి కూర్చుని వేళ్లని అందుకోవడం ఉంటాయి. వీటితో పాటు ఎత్తు, బరువు కొలిచి బీఎంఐ కడతారు. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె అది. దండీలు రాని పిల్లవాడు వచ్చేసారికి నేర్చుకోవచ్చు, రాకపోయినా ఎవరూ పట్టించుకోరు. బరువు సంగతి అలా కాదు. అది తనకి వేసిన మార్కనే పదేళ్ల పిల్ల అనుకుంటుంది. వరసలో వెనక నిలబడ్డవాళ్లూ అలాగే అనుకుంటారు. పైగా ఆ అంకె శరీరం గురించి కొంత చెబుతుంది గానీ, ఆ పిల్లకి తిండితో ఉన్న సంబంధం గురించి ఏమీ చెప్పదు. చెబుతుందని మనం నమ్మడం వల్లే ఆహార రుగ్మతలు మన కళ్లముందే ఉండి కూడా కనబడకుండా పోతున్నాయన్నది ఈ అధ్యాయంలో నా వాదన.

రోగాల పేర్లు ముందు చెప్పుకుందాం. అనోరెక్సియా నెర్వోసాలో మనిషి తిండి తగ్గించుకుంటూ పోతుంది, ఎంత చిక్కినా ఇంకా లావుగానే ఉన్నానని భయపడుతుంది. లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే వైద్యులు దీన్ని విడివిడిగా 1873లోనే వర్ణించారు. బులీమియాలో అదుపు తప్పి ఒక్కసారిగా తినేయడం, తర్వాత దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడడం ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. 1979లో మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ రాసేదాకా దానికి వైద్యంలో పేరే లేదు. మూడోది, అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది, బింజ్ ఈటింగ్. అదుపు తప్పి తినడం, ఆ తర్వాత సిగ్గు. వదిలించుకునే ప్రయత్నం మాత్రం ఉండదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని విడి రోగంగా గుర్తించింది 2013లోనే. మొదటిదాంట్లో తప్ప మిగతా రెండిట్లో రోగి బరువు మామూలుగానో, మామూలుకి మించో ఉంటుంది. ఎముకల గూడులాంటి అమ్మాయి ఫొటో చూసి ఈ రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నవాళ్లకి ఎక్కువమంది రోగులు ఎదురుపడినా తెలియదు.

బీఎంఐ మీద నాకున్న అనుమానం భావుకత కాదని చూపడానికి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటో చాలు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఉపఖండపు శరీరాలు సన్నగా కనబడుతూనే కొవ్వు దాచుకుంటాయని, షుగర్ వ్యాధి మనకి తక్కువ బరువులోనే రావడానికి అదొక కారణమని చెప్పడానికి వాళ్లు ఆ ఫొటో వేశారు. ఆసియావాసులకి 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పింది కూడా ఆ ఏడాదే. ఆ ఫొటోని నేను ఇంకో పనికి వాడుకుంటాను. ఒంట్లో కొవ్వెంతో సరిగ్గా చెప్పలేని అంకె, మనసులో ఏముందో చెబుతుందని ఆశించడం దేనికి? ఇప్పుడు వైద్యులు అసాధారణ అనోరెక్సియా అంటున్న పరిస్థితి ఇక్కడిదే. బాగా బరువున్న పిల్ల కొద్ది నెలల్లో విపరీతంగా తగ్గి, చార్టులో ‘సరైన బరువు’ దగ్గరికి చేరుతుంది. అందరూ మెచ్చుకుంటారు. లోపల నాడి నెమ్మదిస్తుంది, నెలసరి ఆగుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. చేరిన బరువు ఎంతన్నదానికంటే ఎంత తగ్గింది, ఎంత వేగంగా తగ్గింది అన్నవే గుండె మీద ఎక్కువ ప్రభావం చూపుతాయని అమెరికాలో ఇలాంటి కౌమార రోగుల్ని పరీక్షించినవాళ్లు తేల్చారు.

అసలు కడుపు మాడ్చుకుంటే మనసుకి ఏమవుతుంది? దీనికి మనదగ్గరున్న అతి గట్టి సాక్ష్యం ఆహార రుగ్మతల పరిశోధన నుంచి వచ్చింది కాదు, యుద్ధం నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో యూరప్‌లో ఆకలితో మాడుతున్న జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. తుపాకి పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరనన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యవంతులని చూసి ఏరుకున్నవాళ్లు వాళ్లు. సన్నబడాలన్న కోరిక ఎవరికీ లేదు, అద్దం ముందు గంటలు గడిపే అలవాటూ లేదు. 24 వారాలపాటు తిండిని దాదాపు సగానికి తగ్గించారు. శరీరం బరువులో పావువంతు పోయింది. ఊహించనిది మనసులో జరిగింది. యుద్ధం, రాజకీయాలు, ఆడపిల్లలు, అన్నీ మరుపుకొచ్చి తిండి ఒక్కటే మిగిలింది. వంట పుస్తకాలు కొని పోగేశారు. పళ్లెంలో ఉన్న కాస్త తిండిని చిన్న చిన్న ముక్కలు చేసి, నీళ్లు కలిపి, గంటల తరబడి తిన్నారు. పళ్లేలు నాకారు. చూయింగ్ గమ్, కాఫీ అతిగా వాడడంతో వాటికి హద్దు పెట్టాల్సి వచ్చింది. స్నేహితుల్ని తప్పించుకున్నారు, చిన్నమాటకే కసిరారు. కొందరు అదుపు తప్పి దొంగతనంగా తిని, తర్వాత తమని తామే అసహ్యించుకున్నారు. తిండి మళ్లీ పెట్టాక కూడా చాలామందికి కడుపు నిండడం అంటే ఏమిటో నెలల తరబడి తెలియలేదు. పొట్ట మీద పేరుకుంటున్న కొవ్వుని చూసి కంగారుపడ్డవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ఈ జాబితాని అనోరెక్సియా రోగి తల్లికి చదివి వినిపిస్తే మా పిల్ల గురించే రాశారంటుంది. తానేమీ తినకుండా ఇంటిల్లిపాదికీ వండిపెట్టడం, అన్నాన్ని మెతుకు మెతుకుగా విడదీయడం, యూట్యూబ్‌లో వంటల వీడియోలు చూస్తూ రాత్రంతా మేలుకోవడం, వీటిని మనం మొండితనమనో నాటకమనో అంటాం. అందులో చాలాభాగం ఆకలిగొన్న మెదడు చేసే పనే. అంటే కారణం ఏదైనా, అందం కోసమైనా, షుగర్ భయంతోనైనా, పరీక్షల ఒత్తిడిలోనైనా, ఒకసారి శరీరానికి రాబడి కంటే ఖర్చు ఎక్కువయ్యాక రోగానికి తన సొంత నడక వస్తుంది. మొదట మనిషి డైటింగ్‌ని నడిపిస్తుంది, కొన్నాళ్లకి డైటింగే మనిషిని నడిపిస్తుంది. అందుకే ‘తింటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా’ అన్న మాట అన్యాయం.

అయితే డైటింగ్ చేసిన ప్రతివాళ్లూ రోగులు కారు. చాలామంది కొన్నాళ్లకే విసుగెత్తి మానేస్తారు, అదృష్టవంతులు. ఎవరు మానలేరన్నది కొంతవరకు పుట్టుకతోనే వస్తుంది. అనోరెక్సియాలో వంశపారంపర్యం పాత్ర సగానికి అటూఇటూ ఉంటుందని కవలల అధ్యయనాలు అంచనా కట్టాయి. 2019లో దాదాపు 17,000 మంది రోగుల జన్యువుల్ని పరిశీలించినప్పుడు రోగంతో ముడిపడ్డ ఎనిమిది స్థానాలు బయటపడ్డాయి. ఆ జన్యు నేపథ్యం ఆందోళన, ఓసీడీ లాంటి మానసిక లక్షణాలతోనే కాక, ఇన్సులిన్, కొవ్వుల వంటి జీవక్రియ లక్షణాలతోనూ కలిసింది. ఆ రోగులందరూ యూరోపియన్ సంతతివాళ్లే. మన వంశాల మాట చెప్పాలంటే మన రక్తంతోనే ఆ పని చేయాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇది తెల్లవాళ్ల రోగం కదా, తిండి ఎక్కువైన ఇళ్ల రోగం కదా, అని. 1981లో నీల్ బుహ్రిచ్ అనే వైద్యుడు మలేషియా మానసిక వైద్యుల్ని వాకబు చేసినప్పుడు అనోరెక్సియా చాలా అరుదని తేలిన మాట నిజమే. కానీ అరుదు అనడానికి ముందు ఏం వెతికామో అడగాలి. హాంకాంగ్‌లో మానసిక వైద్యుడు సింగ్ లీ 1993లో 70 మంది చైనీయ రోగుల వివరాలు ప్రచురించాడు. వాళ్లలో 41 మందికి లావవుతామన్న భయమే లేదు. కడుపు ఉబ్బరంగా ఉందనో, ఆకలి లేదనో చెప్పారు, చిక్కి శల్యమయ్యారు. పాశ్చాత్య పుస్తకంలో రాసిన భయం కోసమే వెతికితే వాళ్లు జాబితాలోకి ఎక్కరు, పొట్ట డాక్టర్ల దగ్గరే తిరుగుతుంటారు. వెల్లూరు సీఎంసీలో పిల్లల మానసిక వైద్యవిభాగం రికార్డులు తిరగేసినప్పుడు కూడా తిండికి సంబంధించిన రుగ్మతల్లో అగ్రస్థానం మానసిక కారణాలతో వచ్చే వాంతులదే. మన ఇళ్లలో బాధ పొట్ట గుండా మాట్లాడుతుంది. తిన్నది ఒంటబట్టడం లేదు, దిష్టి తగిలింది అన్న మాటల వెనక ఏముందో అడిగేవాళ్లు తక్కువ.

సంస్కృతికి పాత్రే లేదని కాదు. ఫిజీ దీవిలో నడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ అది వచ్చిన కొత్తలో, మూడేళ్ల తర్వాత, స్కూలు అమ్మాయిలకి ఒకే ప్రశ్నావళి ఇచ్చింది. తిండి విషయంలో ప్రమాదకరమైన స్కోరు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బొద్దుగా ఉండడాన్నే మెచ్చుకునే సమాజంలో ఇది జరిగింది. మలేషియాలోనే వీరెన్ స్వామి, మార్టిన్ టోవీ అనే పరిశోధకులు 2005లో చూపింది మరీ ఆసక్తికరం. కౌలాలంపూర్ నగరవాసులకి నచ్చిన ఆడవాళ్ల ఒంటితీరు బ్రిటన్‌వాసులకి నచ్చినదానికి దగ్గరగా ఉంది, గ్రామీణ మలేషియావాసులు అంతకంటే బరువైన శరీరాన్ని మెచ్చుకున్నారు. అంటే తేడా జాతిది కాదు, ఊరిది, రాబడిది. తిండికి కరువున్న చోట ఒళ్లే ఆస్తి. వీళ్లిద్దరే మరుసటి ఏడాది బ్రిటన్‌లో క్యాంటీన్‌లోకి ఆకలితో వెళ్లే మగవిద్యార్థుల్ని, తినివచ్చేవాళ్లని విడివిడిగా అడిగితే, ఆకలిగా ఉన్నవాళ్లు కాస్త లావుపాటి బొమ్మల్నే అందమన్నారు. శాశ్వతమైనదని మనం అనుకునే సౌందర్యదృష్టి మధ్యాహ్న భోజనానికి అటూ ఇటూ మారిపోతోందన్నమాట.

రెండో ఆక్షేపణ ఉపవాసాల గురించి. రంజాన్ నెలంతా పగలు నీళ్లు ముట్టనివాళ్లు, మురుగన్ పండగ తైపూసానికి కావడి ఎత్తాలని వారాల తరబడి ఒంటిపూట ఉండి బటు గుహల మెట్లెక్కేవాళ్లు, శనివారం పలహారంతో సరిపెట్టే తెలుగు ముసలమ్మలు ఉన్న దేశంలో, తినకపోవడాన్ని రోగమంటే ఎలా? అనకూడదు. ఉత్తర భారతంలో కింగ్, భుగ్రా అనే పరిశోధకులు 1989లో స్కూలు అమ్మాయిలకి కెనడాలో తయారైన, తిండి పట్ల ధోరణిని కొలిచే ప్రశ్నలిస్తే సుమారు 29 శాతం మంది ప్రమాదరేఖ దాటారు. తరచి చూస్తే కొన్ని ప్రశ్నల్ని వాళ్లు ఉపవాసాలు, మితాహారం లాంటి ఇంటి ఆచారాల కోణంలో అర్థం చేసుకున్నారు. ప్రశ్నావళి స్కోరునే రోగనిర్ధారణ అనుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ, పైన చెప్పిన ఫిజీ అంకెలకి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. భక్తుడి ఉపవాసానికి ముగింపు ఉంటుంది. సూర్యాస్తమయమయ్యాక ఖర్జూరం నోట్లో వేసుకుంటాడు, నలుగురితో కూర్చుని తింటాడు, మర్నాడు దాని గురించి ఆలోచించడు. రోగి మాత్రం ఉపవాసం విడవలేడు, విడిస్తే భయపడతాడు. అయితే ఒక చిక్కుంది. తిండి మానడానికి సాకు వెతుక్కునే పిల్లకి నలుగురూ గౌరవించే సాకు ఉపవాసమే. పండగ అయిపోయాక కూడా వ్రతాలు పెరుగుతుంటే, విరమణ వేళకి ఆమె ఏదో పని కల్పించుకుని తప్పుకుంటుంటే అది ఇక దేవుడి విషయం కాదు.

మూడో ఆక్షేపణే అన్నిటికంటే బరువైనది. మలేషియా 2019 జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో సగంమంది అధిక బరువో, ఊబకాయమో ఉన్నవాళ్లు. 2023 నాటికి ఆ లెక్క 54.4 శాతమైంది. 2019లో భారత సంతతివాళ్లలో అది దాదాపు 64 శాతం, షుగర్ 31 శాతం, రెండూ దేశంలో అన్ని జాతులకంటే ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చి దిగువ పేరాక్ తోటల్లో చెమటోడ్చినవాళ్ల మునిమనవలు ఈ లెక్కలో ‘భారతీయులు’ అన్న గడిలో కలిసిపోయి ఉన్నారు. తోటపని పోయింది, అన్నం కుప్ప అలాగే ఉంది, దాని పక్కకి తియ్యటి తేతారిక్ టీ, అర్ధరాత్రి దాకా తెరిచుండే మామక్ హోటల్, రోటీ చనాయ్ చేరాయి. ఇలాంటి చోట పిల్లల బరువు చూడొద్దంటే ఎలాగని ఎవరైనా అడిగితే కాదనలేను. చూడాలి. నేను అడిగేదల్లా, అంకెని పిల్ల చేతికివ్వడం వల్ల బరువు తగ్గుతుందా అని. కాలిఫోర్నియాలో 79 బడుల్లో 28,000 మందికి పైగా పిల్లల మీద దీన్ని పరీక్షించారు. కొన్ని బడుల్లో బీఎంఐ ఫలితాన్ని ఇంటికి పంపారు, కొన్నిట్లో కొలిచి ఊరుకున్నారు, కొన్నిట్లో కొలవనేలేదు. 2021లో ఫలితం వచ్చింది. ఇంటికి కాగితం పంపినందువల్ల బరువులో తేడా ఏమీ రాలేదు. బడిలో తూచిన పిల్లల్లో తమ ఒంటిమీద తమకి అసంతృప్తి మాత్రం పెరిగింది.

మిన్నెసోటాలోనే డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం వేలాది కౌమార వయస్కుల్ని ఏళ్లతరబడి వెంబడించి, డైటింగ్ చేసినవాళ్లు ఐదేళ్ల తర్వాత చేయనివాళ్లకంటే ఎక్కువ లావయ్యారని, అదుపు తప్పి తినడం కూడా వాళ్లలో ఎక్కువని చూపింది. ఇంట్లో ఒంటిమీద వెక్కిరింతలు పడ్డవాళ్ల కథా అంతే. మరోవైపు నిపుణుల పర్యవేక్షణలో, కుటుంబమంతటి తిండీ మార్చే ఊబకాయ చికిత్సల వల్ల పిల్లల్లో ఆహార రుగ్మతలు పెరగలేదని, కొంత తగ్గాయని కూడా అధ్యయనాల సంకలనాలు చెబుతున్నాయి. కాబట్టి ఊబకాయాన్ని తగ్గించడానికీ ఆహార రుగ్మతల్ని నివారించడానికీ వైరం లేదు. వైరం సిగ్గుపెట్టడంతోనే. 2019 జులైలో మలేషియా తీపి పానీయాల మీద లీటరుకి 40 సెన్లు పన్ను వేసింది. ఆ పన్ను ఏ పిల్లనీ వరసలో నిలబెట్టదు.

ఇళ్లలో మాత్రం పన్ను ఎప్పుడూ పిల్లమీదే. ‘ఒళ్లు చేశావే’ అన్నది పలకరింపు, ‘పీక్కుపోయావేం’ అన్నదీ పలకరింపే, ఒకే పెళ్లిలో ఒకే అత్తయ్య నోట ఇద్దరు అక్కచెల్లెళ్లకి రెండూ దక్కుతాయి. పళ్లెం నిండా వడ్డించేదీ, ‘ఇంత తింటే ఎవరు చేసుకుంటారే’ అనేదీ ఒకే చెయ్యి, ఒకే నోరు. బయట ‘గెముక్’ (లావు) అని పిలిచే మలయ్ స్నేహితులు, తెరమీద తెల్లటి సన్నటి నాయికలు సరేసరి. మన పిల్లలకి రంగు బెంగ అదనం. ఈ బెంగ మీద వ్యాపారం నడుస్తుంది. బరువు తగ్గిస్తామని అమ్మే కాఫీల్లో, మాత్రల్లో సిబూట్రమిన్ కలిసిందని మలేషియా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే హెచ్చరికలు జారీ చేస్తుంది. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం వల్ల 2010లో అనేక దేశాల మార్కెట్ల నుంచి తొలగించిన మందు అది. మగపిల్లలు తప్పించుకున్నారనుకోవద్దు. వాళ్ల బెంగ కండల రూపంలో ఉంటుంది, జిమ్ పౌడర్ డబ్బాల వెనక ఉంటుంది గనక తల్లిదండ్రులు దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు.

ప్రాణం మీదికి తెచ్చే రోగం ఇది. అనోరెక్సియా రోగుల్లో మరణాలు అదే వయసు ఇతరులకంటే ఐదారు రెట్లు ఎక్కువని 2011 నాటి ఒక సమీక్ష తేల్చింది, ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య. మలేషియాలో 2023లో పార్లమెంటు రద్దు చేసేదాకా ఆత్మహత్యాయత్నం శిక్షార్హమైన నేరం. మానసిక వైద్యం అనగానే పేరాక్‌లో శతాబ్దం నాటి టంజోంగ్ రంబుటాన్ ఆసుపత్రి పేరు తిట్టుగా వాడే దేశం. ఇక ఏ తల్లి కూతుర్ని తీసుకుని వెళుతుంది? వెళ్లినా మొదట అడగాల్సింది బరువు కాదు. ఈ ఆరునెలల్లో ఎంత మారింది, నలుగురితో కలిసి తింటోందా, తిన్నాక నేరుగా బాత్రూంలోకి వెళుతోందా, నెలసరి వస్తోందా, చలి ఎక్కువగా వేస్తోందా, ఇన్సులిన్ వాడే పిల్లయితే మోతాదులు ఎగ్గొడుతోందా. నాడి చూడాలి, రక్తంలో పొటాషియం చూడాలి. వాంతులతో పొటాషియం పడిపోతే, చూడడానికి నిండుగా ఉన్న మనిషి గుండె కూడా లయ తప్పుతుంది. బాగా చిక్కినవాళ్లకి ఒక్కసారిగా తిండి పెట్టడమూ ప్రమాదమే గనక అది ఆసుపత్రిలో లెక్క ప్రకారం జరగాలి. మలేషియాలో 15555, భారతదేశంలో 14416 నంబర్లకి ఫోన్ చేస్తే కనీసం ఎక్కడికి వెళ్లాలో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

కౌమారంలోని అనోరెక్సియాకి ఇప్పటివరకు బాగా పరీక్షకి నిలబడిన చికిత్స లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో పుట్టింది. అందులో తల్లిదండ్రుల్ని దోషులుగా చూడరు. చికిత్సలో భాగస్వాములుగా చూస్తారు. మొదటి దశలో ఏం తినాలో, ఎంత తినాలో పిల్లకి వదలరు, పూటపూటా పెద్దవాళ్లే వడ్డించి, పక్కన కూర్చుని, గంట పట్టినా తినిపిస్తారు. బతిమాలడం, భయపెట్టడం ఉండవు. మందు వేసినట్టు వేళకి పెడతారు. బరువు నిలదొక్కుకున్నాక వడ్డింపు కొద్దికొద్దిగా పిల్లకి అప్పగిస్తారు, ఆ తర్వాతే మిగతా కౌమార గొడవల జోలికి వెళతారు. కొసరి కొసరి వడ్డించడం మన ఇళ్లకి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ గంటసేపూ పిల్ల ఒంటి గురించి ఒక్క మాట అనకుండా ఉండడం. అమ్మమ్మలకి, మేనత్తలకి, ఎదురింటి ఆవిడకి కూడా అది ముందుగానే చెప్పి పెట్టమని చికిత్సకులు అడుగుతారు. కుటుంబాలు ఎక్కువగా తడబడేదీ అక్కడే.